తొక్కు సీసాలో చెరువు

మా బావతో పందెం కాసి గెలవడం నా జీవితంలో ఒక్కసారే జరిగింది. ఆ ఒక్కసారీ ఎందుకు గెలిచానా అనిపించింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు బావ గురించి చెప్పాలి, ఆయన గురించి చెప్పడమంటే నాకు ఎప్పుడూ సరదాయే.

బావ అంటే మా అక్క భర్త. ఉప్పల్ పాత ఊళ్ళో ఇల్లు. వాళ్ళ తాతలు, ముత్తాతలు ఆ ఊరి చెరువులో వలలు వేసి బతికినవాళ్ళు. ఊరు నగరంలో కలిసిపోయి, మురుగు నాలా వచ్చి చెరువులో కలిసిపోయి, చేపలు లేకుండా పోయాక వలలు అటకెక్కాయి. బావ మెట్రో స్తంభాల పక్కన బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. అయినా చేపలు పట్టేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు మాత్రం ఆయనే. చేపలే లేని చెరువుకి సంఘం, ఆ సంఘానికి అధ్యక్షుడు, ఆ అధ్యక్షుడికి ఒక రబ్బరు స్టాంపు. ఆ స్టాంపు ఎక్కడ కొట్టాలో తెలియక మా అక్క పప్పు డబ్బాల మీద కొట్టుకుంటున్నాడని నేను బంధువులందరికీ ప్రచారం చేశాను.

ఆయన ఊరుకునే రకం కాదు. నేను నాచారంలో ఒక ఇంటర్ కాలేజీలో బాటనీ చెబుతాను. నన్ను "గడ్డి మేడమ్" అని పిలుస్తాడు. పెళ్ళిళ్ళలో అరిటాకు వేసి దీని శాస్త్రీయ నామం చెప్తేనే నీకు అన్నం అంటాడు. ఇలా ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరం పీక్కు తింటున్నాం. మధ్యలో అక్క తన పని తను చేసుకుంటూ, అవసరమైన చోట ఒక్క మాట అని, ఇద్దరి నోళ్ళూ మూయిస్తుంది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే అన్యాయం. నాకు కోపం ఎక్కువ. పొద్దున్నే వెళ్ళి నాలుగు క్లాసులు చెప్పి ఇంటికొచ్చాక, మధ్యాహ్నం గంటసేపు పడుకోకపోతే సాయంత్రం ఎవరో ఒకరిని కరుస్తాను. మా అపార్ట్‌మెంట్ నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉంది, నాది మొదటి అంతస్తు. సరిగ్గా నా పడకగది కింద, సెల్లార్లో, మురుగునీళ్ళు శుద్ధి చేసే యంత్రం తాలూకు మోటారు ఒకటి పెట్టారు. నేను అపార్ట్‌మెంట్ కమిటీలో చేరిందే ఆ మోటారు నోరు మూయించడానికి. కార్యదర్శినయ్యాక మొదటి సమావేశంలోనే దాన్ని ఆపించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, కరెంటు బిల్లు తగ్గుతుందని అందరూ సంతోషించారు. ఆ రోజు మధ్యాహ్నం పడిన నిద్ర లాంటి నిద్ర నేను చిన్నప్పుడు కూడా ఎరగను.

ఒక ఏడాది వానలు బాగా పడి చెరువు నిండింది. బావకు ఒక పిచ్చి పుట్టింది. సంఘం వాళ్ళ ఇల్లిల్లూ తిరిగి, మళ్ళీ చేపపిల్లలు వదులుదామన్నాడు. వాళ్ళలో ఒకాయన వాచ్‌మన్, ఒకాయన ఆటో నడుపుతాడు, ఇంకొకాయనకి చిల్కానగర్‌లో చాయ్ హోటల్ ఉంది. అందరూ నవ్వారు. బావ వదల్లేదు. వచ్చే మృగశిర నాడు మీ ఇళ్ళల్లో మన చెరువు చేప ఉడుకుతుంది, అలా కాకపోతే నన్ను అధ్యక్షుడని పిలవకండి అని అందరికీ మాట ఇచ్చి వచ్చాడు.

మృగశిర కార్తె మొదలయ్యే రోజు చేప తినాలని మా దగ్గర గట్టి పట్టింపు. ఎండలు పోయి వానలు దిగే వేళ ఒంటికి కాస్త వేడి కావాలంటారు. ఆ రోజు రామంతాపూర్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ సందులో చూసినా సంచులు పట్టుకున్నవాళ్ళే, చేపలు కోసేవాళ్ళే. నీసు తినని ఇళ్ళవాళ్ళు ఇంగువని బెల్లంలో కలిపి చిన్న ఉండ చేసుకుని మింగి, కార్తెకి దణ్ణం పెట్టేస్తారు. చేపలు పట్టే ఇంట్లో ఇంగువ బెల్లం మాట ఎత్తడమంటే వాళ్ళని తిట్టడమే.

ఇక చూడాలి బావ హడావిడి. పొద్దున షెడ్డు తీసే ముందు చెరువు దగ్గరికి వెళ్ళి తవుడు, పల్లిపిండి చల్లేవాడు. గట్టు మీద కూర్చుని చేపలతో మాట్లాడేవాడు. వారానికోసారి ఒకదాన్ని పట్టి, తన మోచేతి పక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపించి, మళ్ళీ నీళ్ళలో వదిలేవాడు. మొదట వేలంత, తర్వాత జానెడు, తర్వాత మోచెయ్యంత. మా అక్క నడుము నొప్పికి ఒక్క మాత్ర తెచ్చిన పాపాన పోడు గానీ బొచ్చె చేప మొప్పల్లో ఎరుపు సరిగా ఉందా లేదా అని నన్ను అడిగేవాడు. నేను నవ్వేదాన్ని గానీ ఆ ఫోటోలు ఒక్కటి కూడా ఫోన్లోంచి తీసేయలేదు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు. గొంతు నిండా సంబరం.

"చెరువు పండింది మర్దలా. మస్తు పచ్చగయింది. వచ్చి సూడు."

చేపలు పెంచేవాళ్ళకి నీళ్ళు పచ్చబడటం పండగే. నీళ్ళలో సన్నని పచ్చదనం ఉంటే చేపకు మేత ఉన్నట్టు. అది రావాలనే పేడ నీళ్ళు కలిపి పోస్తారు కూడా. బావ తాత అయితే నీళ్ళు దోసిట్లోకి తీసుకుని రంగు చూసి, ఆ ఏడు చేప ఎంత బరువు తూగుతుందో చెప్పేవాడట. ఈ జ్ఞానం మా సిలబస్‌లో లేదు గానీ తప్పు కాదు. అందుకే స్కూటీ మీద హాయిగా బయలుదేరాను.

గట్టెక్కి చూడగానే నా హాయి పోయింది. అది పచ్చదనం కాదు. ఎవరో గోడకి వేయడానికి కలిపిన రంగుని డ్రమ్ములకొద్దీ ఒంపినట్టుంది. గాలి ఈ ఒడ్డుకి తోసినచోట చిక్కగా, అట్టకట్టి, ఎండిన అంచుల్లో నీలం తేలి ఉంది. కుళ్ళిన గడ్డి వాసన. రోజూ గట్టున నిలబడే కొంగల్లో ఒక్కటీ లేదు. పుల్ల ముంచి తీస్తే మామూలు పాకురులా దారాలుగా చుట్టుకోలేదు, పుల్లకి రంగు పూసినట్టు అంటుకుంది. పక్కన బావ చేతులు కట్టుకుని, కూతురి పెళ్ళి పందిరి చూపిస్తున్నవాడిలా నిలబడ్డాడు.

పచ్చలో రెండు రకాలున్నాయి బావా, ఇది నీ తాత చూసిన పచ్చ కాదు అన్నాను. చేపకి మేతయ్యే శైవలాలు వేరు, ఇవి నీలి ఆకుపచ్చవి, వీటిలో కొన్ని విషం కక్కుతాయి, నీడ కప్పి కింద ఉన్నవాటిని చంపుతాయి, చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఊపిరంతా తినేస్తాయి అని పాఠం మొదలుపెట్టాను. బావ సగం విని, పుస్తకంలో పచ్చకీ చెరువులో పచ్చకీ తేడా తెలియని మేడమ్ పాఠాలు చెబితే పిల్లలు ఏం బాగుపడతారని అడిగాడు. నాకు ఎక్కడో మండింది. పందెం అన్నాను.

పరీక్ష చాలా తేలిక. గాజు సీసాలో చెరువు నీళ్ళు నింపి, మూత పెట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. పచ్చదనం అడుక్కి దిగితే మంచిది. పైకి తేలి మీగడ కడితే చెడ్డది. ఈ చెడ్డవాటి కణాల్లో గాలి అరలుంటాయి, ఎండ కోసం తమంతట తామే పైకి లేస్తాయి. అడుక్కి దిగితే నేను మృగశిర నాడు కాలేజీ చీరలోనే గట్టు మీద కూర్చుని తక్కెడ పట్టుకుని చేపలమ్మాలి. పైకి తేలితే బావ ఆ రోజు చేప ముట్టకుండా ఇంగువ బెల్లం తినాలి. ఈ షరతు పెట్టింది నేనే, ఎంత ఘాటుగా తగులుతుందో తెలిసే పెట్టాను. బావ కిసుక్కున నవ్వి సరే అన్నాడు.

సీసా మా అక్కది. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు, ఇంట్లో ఒక్క ఖాళీ సీసా దొరకడం గగనం. పాకురు నీళ్ళు పోసిన సీసాలో ఇక తొక్కు ఎట్లా పెడతానని అక్క చాలాసేపు గొణిగి, కొత్తవి కొనిస్తానని నాతో ఒట్టు వేయించుకుని ఇచ్చింది. దాన్ని వాళ్ళ వంటింటి గూట్లో, పసుపు డబ్బా పక్కన పెట్టి వచ్చాను.

మర్నాడు బావ ఫోన్. పైకీ తేలలేదు, కిందికీ దిగలేదు, అంతటా పచ్చగానే ఉందట. ఆ మర్నాడూ అదే. వీడియో కూడా పంపించాడు. నాకు రాత్రి భోజనం సయించలేదు. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం తప్పా అని అనుమానం పట్టుకుంది. మూడో రోజు చెరువు నీళ్ళు ఒక చుక్క కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టాను. జిగురులో గుంపులు గుంపులుగా గుండ్రటి కణాలు, మా పుస్తకంలో బొమ్మలో ఉన్నట్టే. ఇవి తేలకుండా ఎట్లా ఉంటాయి?

అక్కకి ఫోన్ చేసి మాటల్లో పెట్టాను. బావ ఈ మధ్య మంచినీళ్ళకని మాటిమాటికీ వంటింట్లోకి వెళ్తున్నాడట. మంచినీళ్ళ రంజన్ కుండ వరండాలో ఉంది కదా అన్నాను. అదే నాకూ అర్థం కావట్లేదంది అక్క.

నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే ఇంకో సీసా నింపుకుని, బావ షెడ్డులో ఉన్న వేళ చూసి అక్క ఇంటికి వెళ్ళాను. దాన్ని అక్క చీరల అల్మారాలో, పట్టుచీరల వెనక పెట్టి తాళం వేయించాను. రేపొచ్చేదాకా ఆ అల్మారా దగ్గర తుమ్మకూడదని చెప్పాను. అక్కకీ ఉత్సాహం వచ్చింది, తాళంచెవి కొంగున కట్టుకుంది.

మర్నాడు ఇద్దరం అల్మారా తెరిచాం. సీసాలో పైన రెండు వేళ్ళ మందాన చిక్కటి పచ్చ మీగడ. కింద నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. దాన్ని కదపకుండా మోసుకొచ్చి గూట్లో సీసా పక్కన పెట్టాం. గూట్లో సీసా అంతటా పచ్చగా ఉంది, పైన ఇంకా నురుగు కూడా ఆరలేదు. ఎవరో అప్పుడే గిలక్కొట్టి పెట్టినట్టు తెలుస్తోంది. నేను కుర్చీ వేసుకుని బావ కోసం కూర్చున్నాను. ఏమేం అనాలో వరసగా మనసులో పేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళ బాకీ ఒక్కసారే తీర్చుకుందామని నా ఆశ.

బావ వచ్చాడు. రెండు సీసాలూ చూశాడు. చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"మొదటి పొద్దే తేలింది మర్దలా," అన్నాడు. "పొద్దుగాల్ల లేసి సూసిన, పైకొచ్చింది. కదిలిచ్చి పెట్టిన. మాపటికి మల్ల తేలింది. మల్ల కదిలిచ్చిన. గిట్ల కదిలిస్తుంటె ఏదో ఒకనాడు దిగుతదేమో అనిపిచ్చింది."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఈ మనిషి నన్ను మోసం చెయ్యలేదు, తనని తాను మోసం చేసుకోవడానికి ఒక సీసాని మూడు రోజులు ఊపాడు. నాకు చాలా సిగ్గేసింది, బావ మీద చెప్పలేనంత ప్రేమ కూడా కలిగింది. కుర్చీ మడిచి పక్కన పెట్టాను.

ఉడికిస్తే విషం పోదా అని అడిగాడు. పోదన్నాను. చేపలోకి వస్తుందా అన్నాడు. కాలేయంలో, పేగుల్లో చేరుతుంది, మాంసంలోకీ రావచ్చు, ఎంత వస్తుందో చెప్పే పరికరం మా కాలేజీలో లేదన్నాను. మరి సంఘం వాళ్ళకి నేనేం చెప్పాలన్నాడు.

కాసేపయ్యాక, అసలు ఈ దరిద్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాడు. అది మాత్రం నాకు కంఠతా వచ్చిన పాఠం. ఎండ ఉండాలి, నీళ్ళు కదలకుండా ఉండాలి, పైనుంచి ఎరువు రావాలి. మురుగులో, బట్టల సబ్బులో ఉండే భాస్వరం వీటికి విందు భోజనం. అదెక్కడి నుంచి వస్తోందన్నాడు. ఇంకెక్కడి నుంచి, మా నాచారం ఫ్యాక్టరీల నుంచి అని చేయి ఊపి చెప్పేశాను. ఇంటికొచ్చి పడుకుని హాయిగా నిద్రపోయాను.

తర్వాత రెండు మూడు రోజులకి అక్క ఫోన్ చేసి, మీ బావ ఇంకో మూడు సీసాలు అడుగుతున్నాడు, ఎందుకో చెప్పడం లేదు, పొద్దస్తమానం బండేసుకుని నాలా వెంట తిరుగుతున్నాడు, డాబా మీదికి నన్ను రానివ్వడం లేదు అంది. కొత్త దొంగతనమేదో మొదలుపెట్టాడు, కనిపెట్టి ఉండమని నవ్వాను. మనిషి మళ్ళీ మామూలయ్యాడని లోపల సంతోషించాను కూడా.

జూన్ మొదట్లో ఒక రోజంతా మబ్బు. ఎండ లేదు, గాలి లేదు, వాన పడలేదు. మర్నాడు తెల్లవారుతుండగా అక్క ఫోన్. చేపలు తల తేల్చాయి, తొందరగా రమ్మంది.

గట్టు మీదికి చేరేసరికి వెలుగొచ్చింది. చెరువంతా నోళ్ళు. బొచ్చెలు, రవ్వ చేపలు వందలకొద్దీ నీటి పైకి వచ్చి గాలి కోసం నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆ చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది. కొన్ని అప్పటికే వెల్లకిలా తిరిగాయి. పగలు ఊపిరి వదిలే ఆ పచ్చదనమే ఎండ లేని రోజున నీళ్ళలో ఊపిరంతా తనే పీల్చేసింది. పైకొచ్చి గాలి మింగి బతికే కొర్రమీనుకి మాత్రం ఏమీ పట్టినట్టు లేదు. నేను ఈ పాఠం ఎన్నోసార్లు నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పాను. చూడటం అదే మొదలు. పాఠంలో ఆ చప్పుడు లేదు.

సంఘం వాళ్ళందరూ వలలతో వచ్చేశారు. అందరిలో పెద్దాయన, బావకి మామ వరస, అప్పటికే పంచె ఎగ్గట్టాడు. ఇంకా బతికే ఉన్నాయి కాబట్టి ఇప్పుడే వల వేసి పట్టి, ఐసు పెట్టి అమ్మేద్దామని ఆయన మాట. మృగశిర ఇంకా మూడు రోజులే, ఉప్పల్ మొత్తం ఎగబడి కొంటుంది, ఆగితే ఒక్కటీ మిగలదు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. మిగతావాళ్ళు నీళ్ళలోకి దిగబోయారు.

బావ వల మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"నా ఇంట్ల వండుకోని చేపను ఇంకొకల సంచిల ఎయ్య," అన్నాడు.

అయితే నీ ఇంట్లో వండు, నువ్వు తిను, చూద్దాం అన్నాడు పెద్దాయన. ఏడాది పాటు మమ్మల్ని ఆశపెట్టి ఇప్పుడు ఒక మేడమ్ మాట విని మా నోటికాడ కూడు తీస్తావా అన్నాడు. బావ కాలు తీయలేదు. ఆయన మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. నేను నోరు తెరవబోయాను గానీ శాస్త్రం తప్ప నా నోట్లో ఏమీ లేదు.

అప్పుడు అక్క వచ్చింది. రెండు చేతులతో ఆ అల్మారా సీసాని పట్టుకుని, నిండు బిందెని మోసినట్టు కదపకుండా మోసుకొచ్చింది. ఇన్ని రోజులూ దాన్ని మళ్ళీ పట్టుచీరల వెనకే దాచిందని నాకు అప్పుడే తెలిసింది. గట్టు రాయి మీద పెద్దాయన ముందు పెట్టింది. పైన పచ్చ గడ్డకట్టి ముదిరింది, అంచుల్లో నీలం దిగింది.

"గీ నీళ్ళల్ల పెరిగిన చేప మీ మన్మరాలికి పెడ్తవా మామా?" అంది. "పెడ్తనంటె చెప్పు, నేనే కోసిస్త."

పెద్దాయన ఆ సీసా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, బావ కాలి కింది నుంచి వల లాక్కుని, మడిచి భుజాన వేసుకున్నాడు. రెండు రోజులు అదే వలతో చచ్చిన చేపల్ని ఒడ్డుకి లాగి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. బావ ఒక్కో చేపనీ తోకతో పట్టి విసరకుండా రెండు చేతులతో దించాడు. అందరికీ చేతులు దురదలు పుట్టి, దవాఖానాలో మందు రాయించుకున్నారు.

మృగశిర నాడు పొద్దున నేను ఇంట్లోంచి కదలకూడదనుకున్నాను. పందెం మాట నేను ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసి, మీ బావ తెల్లారకముందు నుంచి ఇంగువ దంచుతున్నాడు, ఇల్లంతా కంపు, ముక్కు పగిలిపోతోంది, నువ్వు రా అంది.

గట్టు మీద, తక్కెడ కోసం ముందే వేయించి పెట్టుకున్న బల్ల ముందు బావ కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద చేపలు పోయాల్సిన పెద్ద స్టీలు బేసిన్ నిండా ఇంగువ బెల్లం ఉండలు. పక్కనే సంఘం స్టాంపు ఉన్న కాగితం: ఈ చెరువు చేప తినవద్దు, పశువుల్ని నీళ్ళకి తోలవద్దు. ఆ స్టాంపుని నేను అన్నన్ని మాటలన్నానా, మొదటిసారి అది కొట్టాల్సిన చోట కనిపించింది. సంచులతో వచ్చినవాళ్ళకి బావ సంగతి చెప్పి, చేతిలో ఒక ఉండ పెడుతున్నాడు. కొందరు తిట్టుకుంటూ పోయారు. ఒకాయన బేరమాడాడు, ఉండకి. పెద్దాయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, తీసుకోనివాళ్ళని కేకేసి వెనక్కి పిలుస్తున్నాడు.

బావ నన్ను చూసి ఒక ఉండ తీసి, అందరి ముందూ నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి మింగాడు.

"పందెం తీరింది," అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. చాలు బావా, ఇక లే, ఇంటికి పోదాం అన్నాను. ఆయన లేవలేదు. బల్ల కింద చేయి పెట్టి మూడు తొక్కు సీసాలు తీసి వరసగా పెట్టాడు. మూడింటికీ అక్క తొక్కులకి అంటించే చీటీలు. మీద బావ వంకర రాతలో ఎక్కడి నీళ్ళో రాసి ఉంది. మొదటిది ఇంట్లో నల్లా తిప్పి పట్టిన నీళ్ళు: కాస్త పచ్చ, అంతే. రెండోది ఫ్యాక్టరీ గోడ పక్కన నాలాలోవి: వేసిన పచ్చదనం తెల్లబడి అడుక్కి చేరింది, ఆ నీళ్ళలో పాకురు కూడా బతకలేదు. మూడోది చెరువుకంటే చిక్కగా ఉంది. చీటీ మీద "మర్దలు అపార్ట్‌మెంట్ పైపు" అని ఉంది.

నేను చెప్పిన పరీక్షనే నాకంటే బాగా చేశాడు. మూడు చోట్ల నీళ్ళు పట్టి, మూడింట్లోనూ ఒక్కో చెంచా చెరువు పచ్చ వేసి, వారం రోజులు డాబా మీద ఎండలో పెట్టాడు. ఏ నీళ్ళు దాన్ని మేపుతున్నాయో చూశాడు. ఫ్యాక్టరీలేమీ పుణ్యాత్ములు కావు, అది రెండో సీసా చెబుతూనే ఉంది. కానీ చెరువుకి విందు పెట్టింది మాత్రం మేము. మా అరవై వాషింగ్ మిషన్లు, మా బాత్‌రూములు, ఆపేసిన ఆ మోటారు, శుద్ధి కాకుండా నాలాలో పడి చెరువుకి చేరిన మా మురుగు. ఆపించిన కాగితం మీద సంతకం నాది. కారణం, మధ్యాహ్నం నిద్ర.

"వీటిని కదిలియ్యలె మర్దలా," అన్నాడు బావ. "ఒట్టు."

ఆయన కళ్ళల్లో కోపం లేదు. కోపం ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఒక ఉండ తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఇంగువ ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడ్చానని ఎవరూ అనడానికి లేకుండా పోయింది. తర్వాత బల్లకి ఇవతల పక్కన కూర్చుని, కాలేజీ చీర కొంగు దోపుకుని, వచ్చినవాళ్ళకి ఉండలు పంచాను. మా క్లాసు అమ్మాయిలిద్దరు అమ్మలతో వచ్చి, నన్ను చూసి బిత్తరపోయారు. చెరువు ఎందుకు చచ్చిందో వాళ్ళకి చెప్పాను, సిలబస్‌లో లేని ఆ సంతకం ముక్కతో సహా.

ఆ సాయంత్రమే సమావేశం పెట్టాను. చాలా గొడవైంది, నా కోపం మొదటిసారి ఒక మంచి పనికి పనికొచ్చింది. మోటారు మళ్ళీ మొదలైంది. దాని మోత అచ్చం నా తలగడ కిందే ఉంటుంది. ఆ వేళ నుంచి నాకు మధ్యాహ్నం నిద్ర లేదు, సాయంత్రాలు మా ఇంట్లోవాళ్ళు నాకు దూరంగా తిరుగుతారు.

చెరువు ఇంకా కోలుకోలేదు. రెండు మృగశిరలు పోయాయి, ఆ బల్ల మీద తక్కెడ ఇంకా పెట్టలేదు. బావ మాత్రం రోజూ మధ్యాహ్నం, సరిగ్గా ఒకప్పుడు నేను పడుకునే వేళ చూసి ఫోన్ చేస్తాడు. బాగున్నావా అని కూడా అడగడు. నేను సెల్లార్ మెట్లు దిగి, మోటారు దగ్గర ఫోన్ పట్టుకుంటాను. అది తిరుగుతున్న మోత కాసేపు విని ఆయన ఫోన్ పెట్టేస్తాడు.